చప్పుడును ఎటు నెట్టావక్కా

ప్రెస్సు వెనక గది,
మార్చి 3, మంగళవారం.

అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. మర్యాద అయిపోయింది, ఇక అసలు సంగతి. అమ్మ గొంతుకు అన్యాయం జరిగింది. చేసింది నువ్వు.

కోపంలో రాస్తున్నాననుకోకు. కోపంలో రాసినది చింపేశాను, ఇది దాని తరువాతది.

నువ్వు పంపిన సీడీ శనివారం అందింది. భోజనాల వేళ మిషన్లు ఆపాక, కాగితం కట్టల మధ్య కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మొదట అమ్మ దగ్గు. తరువాత గ్లాసు కింద పెట్టిన చప్పుడు. తరువాత పాట. "తెగే పోగు చెప్పి తెగదు, ముడి వేసే వేలు అడిగి వెయ్యదు." ఆ మొదటి చరణానికే నాకేమయిందో రాయను. రాయవలసింది పాట వెనక ఉన్నదాని గురించి.

వెనక ఒక కూత ఉంది. సన్నగా, సూదిమొనలా. పాట ఉన్నంతసేపూ ఉంది. అమ్మ ఊపిరి కోసం ఆగిన చోటల్లా అది ముందుకొస్తుంది. చివర మాటలు అయిపోయి అమ్మ కూనిరాగం తీస్తూ తగ్గిపోతుంది చూడు, అక్కడైతే దోమల గుంపు వాలినట్టే ఉంది.

వెంటనే నీకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. చివరికి ఒక మెసేజ్ పెట్టావు: నీ కోపం మెసేజ్‌లో పట్టదు, ఉత్తరం రాయి, చదువుతాను అని. సొంత అక్కతో మాట్లాడడానికి దరఖాస్తు పెట్టుకునే రోజు వస్తుందనుకోలేదు. వచ్చింది, పెట్టుకుంటున్నాను.

సీడీతో పాటు నువ్వు పెట్టిన చీటీ నా ముందుంది. ప్రతి ముక్కకూ డిథరింగ్ వేశాననీ, నాయిస్ షేపింగ్ అన్నిటికన్నా గట్టిది పెట్టాననీ, ఆ తరువాత గొంతు బాగా పెంచి ముక్కలన్నీ అతికాననీ, ఇప్పుడు కడిగిన పలకలా ఉందనీ రాశావు. ఆ మాటలేమిటో నాకు తెలియవు. తెలియని మాటకు తలూపడం నాకు చేతకాదని నీకు తెలుసు. పాత పుస్తకాల బండి మీద వెతికితే, ఇంట్లో రికార్డింగులు చేసుకునేవాళ్ళ కోసం వేసిన ఒక చిన్న పుస్తకం దొరికింది. అట్ట లేదు, లోపలి సరుకు బాగానే ఉంది. అర్థమయ్యేదాకా చదివాను.

అందులో ఉన్నది ఇది. కిటికీకి పరుపు అడ్డం పెట్టి మనం రికార్డు చేశాం కదా, అప్పుడు ఆ రికార్డరు పెట్టె అమ్మ గొంతును చాలా సన్నటి కొలతతో కొలిచింది. ఇరవై నాలుగు బిట్లు. సీడీకి అంత సన్నం పట్టదు, దానికి పదహారే. మిగిలిన సన్నాన్ని కోసెయ్యాలి. ఉత్తినే కోస్తే, వినీ వినబడనంత చిన్న చప్పుళ్ళు మెట్లు మెట్లుగా విరిగిపోతాయట. అందుకని కోసే ముందు పనిగట్టుకుని కాస్త రొద కలుపుతారు. అదీ డిథరింగ్. కలిపిన రొద పైకి తెలియకుండా, మనిషి చెవికి సరిగా అందని కీచు స్థాయికి దాన్ని నెట్టెయ్యడం నాయిస్ షేపింగ్.

చదివి లేచి నిలబడ్డాను. పాలల్లో నీళ్ళు పోసినవాణ్ణి కల్తీ వ్యాపారి అంటాం. అమ్మ గొంతులో రొద పోసినవాళ్ళను ఏమనాలి? అదీ ఒకసారి కాదు, ప్రతి ముక్కకూ పోశావు. పోశాక గొంతు పెంచావు, గొంతుతో పాటు రొదా పెరిగింది. మళ్ళీ కోశావు, మళ్ళీ పోశావు.

ఇక నెట్టడం సంగతి. పెద్ద వీధుల మురుగు కంటికి కనబడకూడదని ఎటు నెడతారు? మనముండే సందుకి. ఫ్యాక్టరీ పొగ ఊరి మీద పడకూడదని గొట్టం ఎటు తిప్పుతారు? మన దండెం మీద ఆరేసిన బట్టలవైపు. చెవికి సరిగా అందని చోటు అంటోంది ఆ పుస్తకం. ఎవరి చెవికి? మనిషి చెవి అని ఒక వంకర గీత గీసి చూపించారు. ఏ మనిషిది? ఎవరింట్లో పెరిగిన చెవి అది? నా చెవిని ఎవరూ అడగలేదు. నాకు వినబడుతోంది.

అమ్మ పాటకు ఇలా జరగకూడదక్కా. అమ్మ పనిచేసిన మగ్గాల షెడ్డు ఆ పాటను ఏనాడూ వినలేదు, చూసింది. మగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే పక్కవాళ్ళ కేక కూడా వినబడదు కాబట్టి ఆడవాళ్ళంతా పెదాలతోనే మాట్లాడుకునేవాళ్ళు. పెదవి మాట అనేవాళ్ళు దాన్ని. అమ్మ మగ్గంలో పోగు అయిపోయిన నాడె మారుస్తూ పెదాలతో చరణం కదిపితే ఆ చివర మగ్గం దగ్గర ఉన్నవాళ్ళు చదివి నవ్వుకునేవాళ్ళు. అద్దాల గదిలోంచి చూసే మేనేజరు, వీళ్ళంతా ఆవలిస్తున్నారనుకుని రాత్రి త్వరగా పడుకోండమ్మా అని నీతులు చెప్పేవాడట. ఇది నువ్వే నాకు చెప్పావు, చిన్నప్పుడు, నాకు అన్నం తినిపిస్తూ. అన్నేళ్ళు చూసిన పాటను వాళ్ళు మొదటిసారి వినబోతున్నారు. పదిహేనో తారీకు ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు, కార్మిక సంఘం గదిలో. అమ్మ సంతాప సభలో. నీ కూతతో వినిపించమంటావా?

ఇంకో మాట కూడా రాసేస్తాను, కలం పట్టుకున్నాక దాచుకోవడం నాకు రాదు. అమ్మ పోయిన తరువాత నువ్వు మారావు. వెనకనుంచి పిలిస్తే పలకవు. ఎదురుగా నిలబడి మాట్లాడితే మాత్రం మొహంలోకి గుచ్చి గుచ్చి చూస్తావు, ఎప్పుడు తప్పు మాట్లాడతాడా పట్టుకుందాం అన్నట్టు. నేనేమీ నీ దగ్గర పాఠం అప్పజెప్పే పిల్లవాణ్ణి కాదు ఇప్పుడు.

పాట మళ్ళీ చెయ్యి, లేకపోతే నన్ను చెయ్యనివ్వు. అసలు రికార్డింగు ఎక్కడుందో రాయి.

ఇట్లు,
నీ తమ్ముడు
(నువ్వు పెట్టిన పేరు ప్రకారం: కరపత్రం)

*

ప్రెస్సు వెనక గది,
మార్చి 11, బుధవారం.

అక్కకు,

తమ్ముడు రాయునది. క్షేమ సమాచారాలు ఈసారి వదిలేస్తున్నాను. నీ జవాబులో కూడా లేవు.

ఆ జవాబు చదవడానికి టీ గ్లాసు చల్లారేంత సేపు కూడా పట్టలేదు. నాకేమీ వినబడలేదు, తెర మీద గీత చదునుగానే ఉంది, మెమరీ కార్డు అమ్మ ఇనప్పెట్టెలో ఉంది, నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి. అంతే. నేను అన్ని కాగితాలు రాస్తే నువ్వు రాసింది అంతే.

దానికి మండి ఒక పోస్టు కార్డు రాశాను. ఈపాటికి అందే ఉంటుంది. ఇంత కూత వినబడలేదంటే అది చెవి లోపం కాదు, మనసు లోపం అని అందులో రాశాను. రాసినదానికి కట్టుబడి ఉన్నాను. అయితే ఈ వారం రోజుల్లో నాకు వేరే సంగతులు కొన్ని తెలిశాయి. అవి దాచిపెడితే అది కూడా కల్తీయే అవుతుంది.

మెమరీ కార్డు తెచ్చి, ప్రెస్సు కంప్యూటర్లో వేసి, నా చేత్తో నేను చేశాను. స్వచ్ఛంగా చెయ్యాలని పంతం పట్టాను. ముందుగా ఫ్యాను చప్పుడు తీసేశాను. తరువాత గది చప్పుడు. కిటికీ అవతల సైకిలు బెల్లు. చివర కూనిరాగం మెల్లగా తగ్గేటట్టు పెట్టాను. డిథరింగ్ ఏది కావాలని అడిగిన చోట, ఏదీ వద్దు అన్నది నొక్కాను. చుక్క రొద కలపని పాట. అమ్మ గొంతు, దాని చుట్టూ ఏమీ లేదు.

చప్పుడు పెంచే మీట చివరిదాకా తిప్పి విన్నాను. పాట బాగుంది. నీ మీద గెలిచాననుకుని కాళ్ళు బార్లా చాపుకున్నాను. చివరికొచ్చింది. కూనిరాగం దిగుతోంది. దిగుతూ దిగుతూ, ఇసుక నమిలినట్టు కరకరమంది. ఆ తరువాత, కత్తిరించినట్టు, లేదు. అమ్మ ఏ పనినీ అలా వదిలెయ్యలేదక్కా. కూర్చున్న చోటునుంచి లేచేటప్పుడు కూడా చీర సర్దుకుని, ఒక చెయ్యి నేల మీద ఆనించి, మెల్లగా లేచేది. ఇది అమ్మ ఆగడంలా లేదు. ఎవరో ఆపినట్టుంది.

కంప్యూటరు తప్పనుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ ఇసుకే.

అదే రోజు సభ కరపత్రం వెయ్యాలి. అమ్మ ఫొటో ఒకటి ఉంది కదా, షెడ్డు గేటు దగ్గర తీసింది, కళ్ళు చికిలించి నవ్వుతున్నది. ఫొటో అచ్చువేయాలంటే దాన్ని చుక్కలు చుక్కలుగా విడగొట్టాలి, మిషనుకు ఉన్నది ఒక్క నల్ల సిరాయే కాబట్టి. అది నేను రోజూ చేసే పనే. కానీ ఆ రోజు నేను స్వచ్ఛత పట్టుకుని ఉన్నాను. చుక్కలు వద్దు, నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా వెయ్యమన్నాను. మా మేస్త్రి నా మొహం చూసి, మీ అమ్మ, నీ ఇష్టం అని మిషను తిప్పాడు.

అమ్మ రాలేదు. చెంపలు లేవు. కళ్ళ దగ్గర రెండు గుంటలు. నవ్వు ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ. పోలీసు స్టేషను గోడ మీద అంటించే బొమ్మలా ఉంది.

మళ్ళీ చుక్కలతో వేశాను. తడి ఆరకముందే భూతద్దం పెట్టి చూశాను. అమ్మ ముక్కు పక్కన, ఆ చెంప మీద, నేను చిన్నప్పుడు గిల్లిన చోట, చుక్కలు. కొన్ని లావు, కొన్ని సన్నం. అక్కడ చెంప లేదు, సిరా చుక్కలే. భూతద్దం తీసేస్తే చెంప. పెడితే చుక్కలు. అలా ఎంతసేపు చేశానో, మేస్త్రి వచ్చి, నాయనా, మిగతా కాగితాలు ఎవరేస్తారు అనేదాకా.

అప్పుడు లేచి పాట దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఫ్యానును పూర్తిగా తీసెయ్యలేదు, కొంచెం ఉంచాను. అది ఆ రోజు ఆ గదిలో మనతో ఉంది కదా. గొంతు పెంచడం, ముక్కలు అతకడం అన్నీ సన్నటి కొలతలో ఉండగానే ముందు చేసేశాను. అన్నీ అయిపోయాక చివర్లో ఒక్కసారే కోశాను, ఆ కోసేటప్పుడు సాదా డిథరింగ్ పెట్టాను. నెట్టుడు లేదు, షేపింగ్ లేదు. విన్నాను. కాగితం మీద కాగితం మెల్లగా జారుతున్నట్టు వెనక ఒక సన్నటి రొద. ఆ రొదలో అమ్మ కూనిరాగం దిగింది. ఇంకా దిగింది. ఎక్కడ అయిపోయిందో ఎన్నిసార్లు విన్నా చెప్పలేకపోతున్నాను. ఇసుక లేదు, కత్తెర లేదు.

కాబట్టి నీ మీద మోపిన నేరాల్లో ఒకటి కొట్టేస్తున్నాను. రొద కలపడం కల్తీ కాదు. చిన్న గొంతు నిలబడడానికి కాస్త నేల కావాలి, ఆ నేలే అది. ఇన్నాళ్ళూ నేను చదివిన కరపత్రాల్లో ఎక్కడా ఈ మాట లేదు, రాస్తే నేనే రాయాలి.

కానీ రెండో నేరం అలాగే ఉంది. నెట్టడం. కలిపిన రొదను అందరి మీదా సమానంగా పరిస్తే ఎవరికీ బరువు కాదు, నేను చేసిన దాంట్లో ఉన్నది అదే. దాన్నంతా తీసుకెళ్ళి ఒక మూల పోస్తే ఆ మూల ఉన్నవాడికి సూది. నీకు వినబడలేదు కాబట్టి లేదన్నావు. ఈ లోకంలో జరిగే అన్యాయాలన్నీ ఆ ఒక్క మాట మీదే నడుస్తున్నాయి. అద్దాల గదిలో కూర్చున్న మేనేజరు కూడా మన దగ్గు వినబడలేదనే చెప్పాడు. అతనికీ తెర మీద గీత చదునుగానే ఉండి ఉంటుంది.

ఆదివారం ఐదు గంటలకు సంఘం గదికి రా. రెండు సీడీలూ అందరి ముందూ పెడతాను. నీది ముందు, నాది తరువాత. షెడ్డులో పనిచేసిన ఆడవాళ్ళే తేలుస్తారు. నువ్వు అందరి ఎదురుగా జవాబు చెప్పాలి. కాగితం మీద కాదు, నోటితో.

ఇట్లు,
నీ తమ్ముడు,
కరపత్రం

తా.క. గురువారం. కవరుకు జిగురు రాయలేదు, అదృష్టం. ఈ తాజా కలం ఉత్తరం కన్నా ముఖ్యం. పైదంతా చదివి కోపం వచ్చినా ఇక్కడిదాకా రా అక్కా, ఇక్కడ ఆగు.

ఇవాళ మధ్యాహ్నం స్పీకర్లు ఎలా పలుకుతాయో చూద్దామని సంఘం గదికి వెళ్ళాను. జడ పిన్ని, అమ్మతో పనిచేసిన మరికొందరు గది ఊడుస్తున్నారు. పిన్ని జడ ఇంకా అలాగే ఉంది, నడుం దిగి. మగ్గానికి చిక్కుతుందని ఆ రోజుల్లో మెడ చుట్టూ తిప్పి కట్టుకునేదట, ఇప్పుడు అలవాటు పోక చీపురు పట్టినా తిప్పుకుంటోంది. వీళ్ళే న్యాయమూర్తులు కదా, తీర్పు ఇప్పుడే చెప్పించేద్దామని నా తొందర నాది. నీ సీడీ పెట్టి మీట బాగా పెంచాను.

గొంతు వచ్చింది. చీపుళ్ళు ఆగాయి. పాట అయ్యాక, వెనక ఆ కూత విన్నారా అని అడిగాను. ఏ కూత అన్నారు. మళ్ళీ పెట్టి, ఇదిగో, ఇదిగో ఇక్కడ అని వేలు గాల్లో ఆడించాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ, అబ్బాయికి నిద్ర చాలటం లేదనుకుంటా అంది. శుభ్రంగా ఉందిరా, కడిగినట్టుంది అంది ఇంకొకావిడ. నువ్వు చీటీలో రాసిన మాటే.

పిన్ని మనవరాలు మాత్రం రెండు చెవులూ మూసుకుని మెట్ల మీదికి పరిగెత్తింది. పాట ఆపేస్తే లోపలికొచ్చింది, పెడితే మళ్ళీ పరిగెత్తింది. దానికీ నాకూ వినబడింది. షెడ్డులో పనిచేసిన వాళ్ళలో ఒక్కరికీ వినబడలేదు.

నేను అయోమయంగా నిలబడితే పిన్ని చీపురు గోడకానించి దగ్గరికొచ్చింది. ఆమె అన్నది అన్నట్టే రాస్తాను.

"ఆ మగ్గాల మధ్య బతికినవాళ్ళ చెవులకి కీచు చప్పుళ్ళు అందవురా. పిట్టలు కూయడం ఎప్పుడు మానేశాయో కూడా మాకు తెలీదు. మీ అక్కకి మాత్రం అందుతాయా ఏంటి?"

మా అక్క షెడ్డు మానేసి చాలా ఏళ్ళయింది కదా, వీడియోలు అతికే పని కదా అన్నాను. పిన్ని నన్ను చూసిన చూపు నువ్వు చూసే చూపులాగే ఉంది. తిన్నగా పెదాల మీదికి. నీకు మా అందరికన్నా ఎక్కువ పోయిందట. బొమ్మల పని కాబట్టి నెట్టుకొస్తున్నావట. అమ్మకు తెలుసట, ఉన్నన్నాళ్ళూ నా మాటలు నీకు పెదవి మాటలో అందించిందట. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పొద్దంది మీ అక్క. నేను బళ్ళో ఉన్నప్పుడు నువ్వు షెడ్డుకెళ్ళావు కాబట్టే ఇలా అయిందని వాడు తల బాదుకుంటాడు, ఆ తర్వాత దాని మీద ఒక కరపత్రం అచ్చేస్తాడు, నాకు రెండూ వద్దు అంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను.

ఫోన్ ఎందుకు ఎత్తవో, ఉత్తరమే ఎందుకు రాయమంటావో, వెనకనుంచి పిలిస్తే ఎందుకు పలకవో ఇక నేను రాయనక్కర్లేదు. నువ్వు నా మొహంలో తప్పులు వెతుకుతున్నావనుకున్నాను. నా మాటలు వెతుక్కుంటున్నావు. నేనేమో మాట్లాడేటప్పుడు పౌరుషంగా గోడ వైపు తిరిగేవాణ్ణి.

పాటను నువ్వు చెవితో చెయ్యలేదు, కంటితో చేశావు. తెర మీద గీత అణిగేదాకా, ముక్క ముక్కనీ, నీకు వినబడని గొంతును పట్టుకుని. షేపింగ్ గట్టిది పెడితే నీకు నిశ్శబ్దమే వచ్చింది, ఆ రొద వెళ్ళిన చోట నీకు చెవి లేదు మరి. మొదటి ఉత్తరంలో అన్యాయం జరిగిందని రాశాను. అది జరిగింది. చేసినవాళ్ళ పేరే తప్పు రాశాను. చెవుల్లో పెట్టుకోవడానికి గుప్పెడు దూది ఇవ్వని షెడ్డు చేసింది. వేలకు వేల గజాల బట్ట నేసిన చోట గుప్పెడు దూది. దీని మీద నేను కరపత్రం వెయ్యను. నువ్వు వెయ్యమన్న రోజు వేస్తాను, ఆ రోజు మిషను ఆపమన్నా ఆపను.

ఆ కార్డు ఉంది చూడు, మనసు లోపం అని రాసినది. చింపెయ్యమని అడగను. దాచు. నేను మళ్ళీ ఎగిరినప్పుడు చూపించు.

తరువాత నా సీడీ పెట్టాను, సాదా డిథరింగ్‌ది. మనవరాలు మెట్లు దిగి వచ్చి స్పీకరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అదే ఆడాలి ఆదివారం, ఆ పిల్ల చెవి కూడా చెవే. కానీ పిన్ని స్పీకరుకు చెంప ఆనించి విని, కాసేపటికి లేచింది. గొంతు వస్తోందట, మాటలు సగం అందుతున్నాయట, ఆ చివర కూనిరాగం అసలు అందలేదట. నేనింత కష్టపడి నిలబెట్టిన కూనిరాగం.

"పాట బాగుందిరా," అంది. "మరి పెదాలేవి?"

దానికి నా దగ్గర ఏ సెట్టింగూ లేదక్కా. పుస్తకంలో వెతికే పని కూడా పెట్టుకోలేదు.

నీ దగ్గర ఉంది. అమ్మ పక్క మగ్గం నీది. ఆ పాటను అమ్మ పెదాల మీద అందరికన్నా దగ్గరగా చూసినదానివి. ఎక్కడ ఊపిరి పీలుస్తుందో, ఎక్కడ నాడె మార్చడానికి చరణం సగంలో ఆపి మళ్ళీ అందుకుంటుందో నీకు తెలుసు. పాట ఆడుతుంటే స్పీకరు పక్కన వెలుతురులో నిలబడు. అమ్మలాగే పెదాలు కదుపు, చప్పుడు లేకుండా. ఎప్పుడు మొదలయిందో, ఎక్కడుందో నేను ఎదురుగా కూర్చుని వేలితో తాళం వేస్తూ చూపిస్తాను. కూనిరాగం తగ్గుతూ పోయేటప్పుడు నా వేలు కూడా మెల్లగా దిగుతుంది. నేను చెయ్యి ఒళ్ళో పెట్టుకునేదాకా నువ్వు ఆపకు. వినబడేవాళ్ళు వింటారు, వినబడనివాళ్ళు చూస్తారు.

అచ్చయిన కరపత్రాలన్నిటి మీదా, వినడానికి రండి అని ఉంది. అన్నీ పక్కన పెట్టేసి మళ్ళీ వేస్తున్నాను. మేస్త్రి తిట్టాడు, తిట్టి సిరా కలిపిచ్చాడు. కొత్తదాని నకలు ఇదే కవర్లో పెడుతున్నాను. రేపటి మొదటి బస్సు కండక్టరు నీ చేతికే ఇస్తానన్నాడు. తలుపు కొట్టొద్దు, కిటికీ దగ్గరికెళ్ళి చెయ్యి ఊపమని చెప్పాను.

జవాబు చెప్పడానికి రమ్మన్నాను చూడు, ఆ మాట కొట్టేశాననుకో. రమ్మన్న మాట మాత్రం అలాగే ఉంచాను, కొత్త కరపత్రంలో ఉన్నట్టే కింద రాస్తున్నాను.

మార్చి పదిహేను, ఆదివారం, సాయంత్రం ఐదు గంటలకు, సంఘం గదిలో. వినడానికి, చూడడానికి అందరూ రండి. అక్కా, నువ్వు రా.